నిప్పుపొయ్యి వెనక ఎవరు?

"ఈ కేసు నా చేతికొచ్చిందంటే నేరస్థుడు సగం జైల్లో ఉన్నట్టే బావా," అన్నాడు బావమరిది, వంటగదిలో కూడా నల్ల కళ్లద్దాలు తీయకుండా, గడప తట్టుకుని పడబోతూ.

మిగతా సగం సంగతి అడిగే ఓపిక హోటలాయనకి లేదు. ఇళ్లకి భోజనాలు చేర్చే యాప్‌లు రెండు, నీలం ఒకటి, పచ్చ ఒకటి, ఊరి మీద పడి కొట్టుకుంటున్నాయి. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరిగినట్టు, నలిగేది హోటళ్లు. పచ్చలో చేరితే మీ పేరు అట్టడుగుకి తోసేస్తామని నీలం వాళ్లు చాలా మర్యాదగా చెప్పారు. ఆయన పతివ్రతలా నీలాన్నే నమ్ముకున్నాడు. పచ్చలో మాత్రం 'నిప్పుపొయ్యి' అనే ముక్కూమొహం తెలియని హోటలు చుట్టుపక్కల గిరాకీ అంతా ఊడ్చుకుపోతోంది. ఇలాగే సాగితే నాన్న పెట్టిన హోటలు మూసేయాల్సిందే. ఆ మాట తలుచుకుంటే ఆయనకి ముద్ద దిగడం లేదు.

బావమరిది పరిశోధన మొదలుపెట్టాడు. ఎదురు షాపు మంగలిని అనుమానించాడు, కత్తి మరీ శుభ్రంగా ఉందని. వెనక తలుపు దగ్గర ఆగుతున్న డెలివరీ బండ్లని దారికి అడ్డమని తోలేశాడు. వచ్చిన ఆర్డర్లకి రెండింతలు వండుతున్న అక్కని చూసి, పాపం దిగులుతో లెక్క తప్పుతోందని జాలిపడ్డాడు.

చివరికి సాక్ష్యం కోసం నిప్పుపొయ్యి పేజీని ఫోటో తీయబోయి, జిడ్డు వేలితో ఆర్డరు నొక్కేశాడు.

పిండి డబ్బా మోగింది.

"బాంబు బావా," అంటూ బావమరిది బల్ల కింద దూరాడు. హోటలాయన మూత తీస్తే, పిండిలో భార్య పాత ఫోను. నిప్పుపొయ్యికి కొత్త ఆర్డరు. చేర్చాల్సిన చిరునామా, ఈ హోటలే.

భార్య గరిటె పక్కన పెట్టింది. "చెబితే భయపడి నీలం వాళ్ల ముందు మీరే ఒప్పేసుకుంటారని చెప్పలేదు. ఇన్నాళ్లూ షట్టర్ దించకుండా ఆపింది ఆ పొయ్యే."

హోటలాయనకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. హోటలు బతికింది.

"అంతా నా పథకం ప్రకారమే," అన్నాడు బావమరిది బల్ల కింద నుంచి.

"అయితే ఇంకొకడినీ పట్టుకోరా," అంది అక్క. "రోజూ ఎవడో నా వంటకి ఒక్క నక్షత్రమిచ్చి, ఇది పశువులు కూడా తినవని రాస్తున్నాడు. వాడు దొరికితే ఈ గరిటెతోనే మాట్లాడతాను."

తినకపోయినా తీర్పు చెప్పనిచ్చే సౌకర్యం పచ్చ యాప్‌లో ఉంది. దాన్ని రోజూ పడుకునే ముందు వాడుకుంటున్న హోటలాయన చెమట తుడుచుకుని, బావమరిదిని చెయ్యిచ్చి లేపాడు.

"ఈ కేసు వీడికే ఇద్దాం," అన్నాడు మనస్ఫూర్తిగా. "ఇంకెవరికీ వద్దు."