టైరు ఆయుష్షు

మానవజాతి చక్రాన్ని కనిపెట్టి ఎన్ని వేల ఏళ్లయిందో పండితులు తేల్చుకోలేకపోవచ్చు గానీ, కనిపెట్టిన మర్నాడే దాన్ని మార్చడానికి ఎవరి అనుమతి కావాలన్న చర్చ మొదలై ఉంటుందనడంలో సందేహం లేదు. ఆ చర్చ నేటికీ సాగుతూనే ఉంది. ఒక రక్తపరీక్షల ల్యాబులో అయితే దానికోసం ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టారు.

ఆ ల్యాబులో ఒకమ్మాయి పని చేస్తోంది. (అమ్మాయి అన్నది తల్లి మాట. ఆ అమ్మాయికి నలభై దాటాయి.) పొద్దున్నే ఇంటింటికీ వెళ్లి రక్తం తీసి, ఆ సీసాలను డబ్బాలో సర్దుకుని, మోటార్‌సైకిల్ మీద ల్యాబుకు చేర్చడం ఆమె ఉద్యోగం. బండి ల్యాబుది. టైర్లు ల్యాబువి. కాళ్లూ చేతులూ మాత్రం సొంతవి. వాటి మంచిచెడ్డలు ఉద్యోగే చూసుకోవాలని ఎక్కడా రాయలేదు, రాయకుండానే అందరికీ అర్థమైంది.

కూతురు బండెక్కి "వెళ్లొస్తానమ్మా" అనగానే తల్లి, ఆ పెద్దావిడ, వెనకే గేటు దాకా వస్తుంది. బండి చప్పుడు వీధి మలుపు తిరిగి, వినపడకుండా పోయేదాకా గేటు పట్టుకుని నిలబడుతుంది. వెళ్లొస్తానని చెప్పి వెళ్లిన మనిషిని ఆవిడ ఇదివరకే ఒకరిని పోగొట్టుకుంది. అందుకని ఆ మాట మీద ఆవిడకి పెద్ద నమ్మకం లేదు.

ఒక ఆదివారం కూతురు బండి కడుగుతుంటే పెద్దావిడ వంగి టైరు మీద గోరు గుచ్చి చూసింది.

"ఏమే, ఇదేంటి ఇలా ఉంది? గోరు దిగట్లేదు."

"టైరులో గోరు దింపడమేంటమ్మా, అదేమన్నా సొరకాయా?"

"నిన్న వానలో బ్రేకేస్తే బండి ఆగిందా?"

"ఆగింది."

"ఎక్కడ?"

కూతురు చక్రం మీద నీళ్లు కొట్టింది. "ఆగాల్సిన చోటికి కొంచెం అవతల."

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి. మెత్తటి రబ్బరు టైరు తడిరోడ్డును కరుచుకుంటుంది గానీ, పెన్సిల్ రబ్బరులా అరిగిపోతుంది. గట్టి రబ్బరు టైరు ఏళ్ల తరబడి అరగదు గానీ, తడిరోడ్డుతో దానికి మాటల్లేవు. ల్యాబువారు మొదటిదానికి పట్టు రకమనీ, రెండోదానికి మన్నిక రకమనీ పేర్లు పెట్టి, వీటిలో ఏది కావాలో ఎంచుకునే సంపూర్ణ స్వేచ్ఛ ఉద్యోగిదేనని గోడ మీద అందంగా రాయించారు. (ఇంతవరకూ ఆ స్వేచ్ఛను ఎవరూ వాడలేదు. అదీ మన్నిక రకమే అయ్యుండాలి.)

ఎవరూ వాడకపోవడానికి కారణం ఒక చిన్న నిబంధన. పట్టు రకం కోరేవాళ్లు, ఉన్న టైర్లు జారాయని రుజువు చూపాలి. రుజువు చూపినవాళ్లకు బండి నడపడం రాదని తేలిపోతుంది కాబట్టి వాళ్లను శిక్షణకు పంపుతారు. శిక్షణ పూర్తి చేసినవాళ్ల బండి ఇక జారదు కాబట్టి వాళ్లకు పట్టు రకంతో పని లేదు.

ఈ వ్యవస్థనంతా టైర్ల అధికారి ఒంటిచేత్తో నడుపుతున్నాడు. నెలకోసారి బండ్లన్నీ వరసగా నిలబెట్టించి, సన్నటి ఇత్తడి పుల్లతో టైరు గీతల లోతు కొలుస్తాడు. గీతలు అరగకపోతే టైరును తట్టి మెచ్చుకుంటాడు. అరిగితే బండి నడిపిన మనిషి వైపు చూస్తాడు. ఆయన చూపు తప్పించుకోవడానికి కొందరు ఉద్యోగులు ఆఖరి వీధిలో బండి దిగి తోసుకొస్తారని చెప్పుకుంటారు. అయితే తోసినా టైరు అరుగుతుంది కనుక, దాన్ని కూడా త్వరలో నిషేధించబోతున్నారు.

తల్లీకూతుళ్లు ఆయన దగ్గరికి వెళ్లారు.

"అమ్మా, అక్కడ నువ్వేం మాట్లాడకు," అంది కూతురు మెట్లెక్కుతూ.

"నేనెందుకు మాట్లాడతాను?" (ఈ మాట మీద ఆవిడ నిలబడిన సందర్భం ఒక్కటి కూడా లేదు.)

గదిలో గోడల వెంబడి టైర్లను ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి నిలబెట్టారు. ఫ్యాను ఒకటే ఉంది. అది టైర్ల వైపు తిరిగి ఉంది.

"జారిందా?" అన్నాడు అధికారి, తలెత్తకుండా.

"జారబోయింది సార్," అంది కూతురు.

"జారబోవడానికి మా దగ్గర గడి లేదండీ. జారింది అని ఒక గడి, జారలేదు అని ఒక గడి. మీది ఏ గడో చెప్పండి."

"ఎప్పటికో అప్పటికి జారుతుంది కదా బాబూ," అంది పెద్దావిడ. "ఆ పడేదేదో పడకముందే..."

"పడ్డాక రండమ్మా. అప్పుడు ఒక్క క్షణం ఆలస్యం చేస్తే నన్నడగండి."

"బాబూ, నాకున్నది ఒక్కతే కూతురు."

"మాకూ ఈ బండికి ఉన్నవి రెండే టైర్లమ్మా," అన్నాడాయన, ఆవిడ కన్నా దిగులుగా.

కూతురు మధ్యేమార్గం చెప్పింది. ముందుచక్రానికి మెత్తటిదీ, వెనకచక్రానికి గట్టిదీ వేస్తే ఎలా ఉంటుందని అడిగింది. ఆలోచన అధికారికి నచ్చింది. కానీ ముందుచక్రానికి ఒక గుమాస్తా, వెనకచక్రానికి ఒక గుమాస్తా ఉన్నారు. ముందుచక్రం గుమాస్తా సెలవు మీద వెళ్లాడు. ఎప్పుడొస్తాడో వెనకచక్రం గుమాస్తాకు తెలియదు, ఎందుకంటే అది ముందుచక్రానికి సంబంధించిన సమాచారం. వెనకచక్రం విషయంలో మాత్రం ఏ అభ్యంతరమూ లేదని ఆయన అక్కడికక్కడే సంతకం చేసిచ్చాడు. (వెనకచక్రం గురించి ఎవరూ ఏమీ అడగలేదు.)

పెద్దావిడ కుర్చీలోంచి లేవకపోయేసరికి, చివరికి నిష్పక్షపాతమైన పరీక్ష ఒకటి జరపడానికి ఒప్పుకున్నారు. బండిని కింద పార్కింగులోకి దించి, స్తంభాల మధ్య నెమ్మదిగా నడిపించి చూశారు. జారలేదు.

"ఇక్కడ వానేదీ?" అంది పెద్దావిడ.

న్యాయమైన ప్రశ్న కావడంతో ఒక చెంబుడు నీళ్లు తెప్పించి నేల మీద పోయించారు. బండి ఆ తడిలోకి వచ్చేలోపే, దగ్గరనుంచి చూద్దామని వెళ్లిన వెనకచక్రం గుమాస్తా జారి పడ్డాడు. పరీక్ష అక్కడితో ముగిసింది. టైర్లు నిలబడ్డాయనీ, గుమాస్తా పడ్డాడనీ, ఆయన చెప్పులు మార్చుకోవడం మంచిదనీ నివేదిక తయారైంది.

దారిలో పెద్దావిడ కూతురి వీపుకు అతుక్కుని కూర్చుంది.

"మానెయ్యవే ఈ ఉద్యోగం."

"మానేసి? పొద్దున్నే టీ చుక్క కూడా తాగకుండా నాకోసం గుమ్మంలో కూర్చుంటారమ్మా రక్తపరీక్ష వాళ్లు. కాస్త ఆలస్యమైతే తిట్టిపోస్తారు. ఆ తిట్లు పడకపోతే నాకు తోచదు."

"తిట్టడానికి నేను లేనూ?"

"నీ తిట్లలో పస లేదమ్మా. మధ్యలో ఏడుస్తావు."

వానలు జోరందుకున్నాక ఒక పొద్దున ఫోన్ మోగింది. "అమ్మా, కంగారు పడకు," అంది కూతురు గొంతు. పెద్దావిడకి మిగతా మాటలు వినపడలేదు. మలుపులో ఎవరో అడ్డమొస్తే బ్రేకేసిందట, బండి ఆగలేదట. కాలు రెండుచోట్ల విరిగింది.

ల్యాబువారు మాత్రం మాటకు కట్టుబడ్డారు. కూతుర్ని ఆసుపత్రిలో స్ట్రెచర్ మీంచి దింపకముందే అధికారి ఇత్తడి పుల్లతో ఆ మలుపు దగ్గరికి చేరుకున్నాడు. టైర్లకు చిన్న గాటు కూడా పడలేదని ఊపిరి పీల్చుకుని, 'జారింది' గడిలో టిక్కు పెట్టాడు. ఆ గడిలో పడిన మొదటి టిక్కు అది. నిబంధన ప్రకారం ఆమెను శిక్షణకు పంపాలి గానీ, కాలికి కట్టుతో బండి నడపడం కుదరదు కాబట్టి శిక్షణ నుంచి మినహాయించారు. ఆ విధంగా ల్యాబు చరిత్రలో పట్టు రకం టైర్లకు అర్హత సాధించిన తొలి ఉద్యోగి ఆమే అయింది.

కొత్త టైర్లు ఇంటికే తెచ్చి, వరండాలో నిలబెట్టిన బండికి బిగించి వెళ్లారు. అందరూ వెళ్లాక పెద్దావిడ గోరు గుచ్చి చూసింది. దిగింది.

ఆ తర్వాత చాన్నాళ్లు ఆవిడకి కంటినిండా నిద్ర పట్టింది. తెల్లవారితే వెళ్లొస్తానన్న మాట వినక్కర్లేదు, గేటు దగ్గర నిలబడక్కర్లేదు. పక్కగదిలోంచి "అమ్మా, వీపు దురద," అని కూతురు కేకేస్తే చాలు, ఇల్లు నిండినట్టుండేది. కూతురి కాలు విరిగితే తల్లి మనసు కుదుటపడిందని ఎవరైనా అని ఉంటే వాళ్ల నోరు మూయించేది. ఎవరూ అనలేదు. ఆవిడే అనుకుంది.

కట్టు విప్పారు. కూతురు గోడ పట్టుకోకుండా నడిచింది. మర్నాడు ఉద్యోగంలో చేరుతుందనగా అధికారి ఇంటికొచ్చాడు, పాత టైర్లు మోసుకుంటూ వెనకచక్రం గుమాస్తా కూడా వచ్చాడు. (ముందుచక్రం గుమాస్తా ఇంకా సెలవులోనే ఉన్నాడు.) అధికారి బండి ముందు మోకాళ్ల మీద కూర్చుని పుల్లతో గీతల లోతు కొలిచాడు. మళ్లీ కొలిచాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"వెంట్రుకవాసి కూడా అరగలేదు. జారిందా?"

"లేదు," అంది పెద్దావిడ.

"ఒక్కసారి కూడా?"

"వరండాలో ఉంది బాబూ."

"ఎక్కడుందని కాదమ్మా. జారిందా, లేదా?"

"లేదు."

పట్టు రకం టైర్లు త్వరగా అరిగిపోతాయన్నది వట్టి అపోహ అని ఆయన అక్కడే నిలబడి నివేదిక రాశాడు. పట్టూ మన్నికా ఒకేచోట సాధించిన టైర్లు లోకంలో ఇవేనట. ఇంత విలువైన వాటిని వానలో రోడ్ల మీద తిప్పడం క్షేమం కాదు కాబట్టి, విప్పించి, కార్యాలయంలో అద్దాల పెట్టెలో పెట్టాలని నిర్ణయం కూడా తీసుకున్నాడు. వెనకచక్రం గుమాస్తా వాటిని విప్పి పాతవి బిగిస్తుంటే, పెద్దావిడ స్తంభం పట్టుకుని చూస్తూ నిలబడింది.

ఆవిడ మొహం చూసి అధికారికి జాలేసింది. మెట్లు దిగబోయినవాడు వెనక్కి వచ్చి ధైర్యం చెప్పాడు.

"దిగులు పడకండమ్మా. ఆ పాత టైర్లకేం కాలేదు. వాటికింకా బోలెడు ఆయుష్షుంది."