స్టీరింగు లేని సీటు మహిమ

పరాయి దేశంలో కారు అద్దెకు తీసుకోబోయే మగవాళ్ళందరికీ నాదొక మనవి. ఎలాగైనా సరే, డ్రైవింగు పర్మిట్ లేకుండా వెళ్ళండి. అంతకు మించిన అదృష్టం లేదు!

నా సంగతే చూడండి. పద్దెనిమిదేళ్ళుగా కారు నడుపుతున్నవాణ్ణి. జేబులో మన లైసెన్సు ఉందిగా, ఇంకేం కావాలనుకున్నాను. అద్దె కార్ల కౌంటరులోని అమ్మాయి ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, అంతర్జాతీయ పర్మిట్ లేనిదే తాళాలు ఇవ్వనంది. నా అనుభవం గురించి పది నిమిషాలు ఏకరువు పెట్టాను. ఓపిగ్గా విన్నది కానీ తాళాలు ఇవ్వలేదు.

అప్పుడు మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి తన పర్మిట్ తీసింది.

"నీకెక్కడిది?" అన్నాను.

"ఎందుకైనా మంచిదని తీయించుకున్నా. మీకూ చెప్పాను, వింటేగా."

ఎనిమిదేళ్ళ క్రితం తనూ లైసెన్సు తెచ్చుకున్న మాట నిజమే. నాలుగు రోజులు పక్కన కూర్చుని నేనే సలహాలిచ్చాను. ఐదో రోజు తను మానేసింది, ఎందుకని నేనూ అడగలేదు. ఇప్పుడేమో, నేను ఆఫీసుకు వెళ్ళాక డ్రైవింగు స్కూలు కారులో రెండు నెలలు మళ్ళీ సాధన చేసిందట!

అక్కడ స్టీరింగు ఎడమవైపు. అంటే నేను రోజూ కూర్చునే కుడివైపు సీట్లోనే కూర్చున్నాను, ఎదురుగా స్టీరింగు మాత్రం లేదు. తనూ తన పాత సీట్లోనే కూర్చుంది. స్టీరింగే తనను వెతుక్కుంటూ వచ్చింది.

ఇక లాభాలంటారా? డాక్టరు ఎంత మొత్తుకున్నా నేను చేయని వ్యాయామం, లేని బ్రేకును తొక్కీ తొక్కీ నా కుడికాలు చేసేసింది. "మెల్లగా", "అద్దం చూడు", "ఆ లారీ, ఆ లారీ" అంటూ గంటలోనే నా గొంతు బొంగురుపోయింది. తను కారు పక్కకు తీసి ఆపింది.

"రోడ్డును చూస్తే నాకు భయం లేదండీ. మీరు మాట్లాడితేనే భయమేస్తోంది."

ఎనిమిదేళ్ళ నాటి ఐదో రోజు సంగతి నాకప్పుడు అర్థమైంది. నిజంగా సిగ్గేసింది. ఆ తర్వాత నోరు మూసుకున్నాను. తను కొండదారులు ఎక్కించింది, సొరంగాలు దాటించింది, ఏదో కూనిరాగం కూడా తీసింది. పెళ్ళయ్యాక ఆ రాగం నేను వినడం అదే మొదలు. రోడ్డు పక్కన ఇన్ని చెట్లుంటాయని కూడా అప్పుడే తెలిసింది. ఇన్ని లాభాలు ఏ టూరు ప్యాకేజీలో ఉంటాయి చెప్పండి?

ఇల్లు చేరిన మర్నాడు, సెల్లారులో మా కారు దగ్గర తను చెయ్యి చాచింది.

"తాళాలివ్వండి, నేను నడుపుతా."

"ఇక్కడి ట్రాఫిక్ నీకు తెలీదులే," అన్నాను.

తను చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. అటు తిరిగి వెళ్ళి ఎడమవైపు కూర్చుని సీటు బెల్టు పెట్టుకుంది. దారి పొడుగునా నేను బ్రహ్మాండంగా నడిపాను, తను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

కనుక సంబంధిత అధికారులకు నా విన్నపం. దయచేసి ఎవరైనా వచ్చి నా లైసెన్సు రద్దు చేయండి. నా అంతట నేనుగా తాళాలు ఇచ్చే రకాన్ని కాను.