రెవరెండ్ గారి పేరులో మొదటి అక్షరం

1982లో ఒక ఆదివారం ఉదయం లూసీ పెట్టుకున్న పని ఒక్కటే. అమెరికాలో ఐసెలిన్ అనే ఊళ్ళోని తెలుగు చర్చికి సాయంత్రం రాబోయే దక్షిణాఫ్రికా పాస్టరుగారిని అందరికీ పరిచయం చేస్తూ ఆయన పేరు తప్పు లేకుండా పలకాలి. కాగితం మీద ‘సెలే’, రెండక్షరాలే. కానీ వాళ్ళ జులు భాషలో ఆ మొదటిది ‘సె’ కాదట, నాలుక కొన పళ్ళ వెనక ఆనించి చటుక్కున లాగితే వచ్చే చప్పుడట. ఆయనే ఫోన్లో చెప్పి, "ఇక్కడ అందరికీ నేను మిస్టర్ సెల్లీనేనమ్మా" అని నవ్వారు.

ఆ నవ్వు లూసీకి గుచ్చుకుంది. దైవాశీర్వాదం అనే తన మొగుడి నిండైన పేరును ఆఫీసువాళ్ళు ‘డేవ్’ అని కత్తిరించి ఆరేళ్ళయింది. ఇంకొకరి పేరు తన నోట్లో పడి పాడుకాకూడదని పట్టుబట్టింది.

"చ్చ్... ఎలే! చ్చ్!"

"ఉప్మా అంత ఘోరంగా కుదిరిందా, లూసీ?" అన్నాడు దాన్ని వండిన దైవాశీర్వాదం.

"మీ ఉప్మా గురించి కాదండీ, ప్రాక్టీస్ చేస్తున్నా!"

అంతలో ఫోన్ మోగింది. చర్చిలో అందరికీ పెద్దక్క నవోమి. "లూసీ, మీ ఆయన ఆఫీసులో లేఆఫ్‌లంట గదా! తమ్ముడి జాబ్‌కేం ఢోకా లేదు కదా?"

పేరు ధ్యాసలో ఉన్న లూసీ ఆ మాట వినిపించుకోనేలేదు. "చ్చ్!"

"అయ్యో నా తల్లీ! దిగులుపడకు, ప్రార్థన చేయిస్తా."

"చేయించక్కా, సాయంత్రం తలుచుకుంటేనే కాళ్ళు వణికిపోతున్నాయి!"

నవోమి నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రం లూసీ చర్చిలో అడుగుపెట్టేసరికి ఆడవాళ్ళు చుట్టుముట్టి, "ధైర్యంగా ఉండమ్మా" అని కళ్ళొత్తుకున్నారు. ఒక్క పేరు పలకడానికి ఇంత ధైర్యం కావాలా అని, పాపం, లూసీకి ఉన్న ధైర్యం కాస్తా జారిపోయింది.

మైకు ముందు నిలబడింది. "మన అతిథి రెవరెండ్..." నాలుక పళ్ళకు అతుక్కుపోయి ఊడి రానంది. కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి.

ఆ నీళ్ళు చూసి జనం గుండె కరిగింది. అరవై నోళ్ళు ఒక్కసారిగా జాలిపడ్డాయి. "చ్చ్!"

"...ఎలే!" అంది లూసీ, ఇదే సందని.

రెవరెండ్ గారు లేచి నిలబడ్డారు. "ఈ దేశం వచ్చి నాలుగేళ్ళయింది. మా ఊళ్ళో పిలిచినట్టు నా పేరు మళ్ళీ ఇవాళే విన్నాను. మీకందరికీ ఎవరు నేర్పారు?" అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ. అరవైమందీ మొహమొహాలు చూసుకున్నారు. లూసీ ఏడుస్తూనే నవ్వేసింది. ఆమెకు అంత సంతోషంగా ఉంది.

ఆరాధన అయ్యాక మూడిళ్ళవాళ్ళు కోడి పలావు గిన్నెలు తెచ్చి, "మళ్ళీ జాబ్ దొరుకుతుంది, తమ్ముడూ" అని దైవాశీర్వాదం చేతుల్లో పెట్టారు. అప్పటికి గాని లూసీకి సంగతి బోధపడలేదు.

"అయ్యో, మీ ఉద్యోగం ఎక్కడికీ పోలేదని ఇప్పుడే చెప్పేద్దామండీ!"

దైవాశీర్వాదం మూత ఎత్తి వాసన చూశాడు. "తిన్నాక చెబుదాం."