బొంత కింద బేస్ ఫిడేలు

ఆ శనివారం డోయల్ రాట్లిఫ్ వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదింటికి విల్‌బర్న్ మావయ్య ఇంట్లో ఉన్న బేస్ ఫిడేలును ట్రక్కులో వేసుకోవాలి. పదిన్నరకల్లా ఫైర్ స్టేషన్ హాలుకు చేరాలి. పన్నెండుకు కచేరీ. కానీ తెల్లవారినప్పటి నుంచీ అతని కాలు ఒకచోట నిలవడం లేదు. తనూ, చెల్లెలూ, మావయ్యా కలిసి నడిపే బ్లూగ్రాస్ జానపద బృందం పాట నెల రోజులుగా కెంటకీ కొండల్లో ప్రతి రేడియోలోనూ మోగుతోంది. అది విని, వేసవి ఉత్సవానికి పాటగాళ్లను ఎంచే జెంట్రీ అనే ఆవిడ ఇవాళ స్వయంగా వస్తోంది. కిందటి కచేరీకి వచ్చిందేమో పంతొమ్మిది మంది. అందులో ఇద్దరు డ్యూటీలో ఉన్న ఫైర్‌మన్లు.

మావయ్య కుర్చీలు వేయించడానికి పొద్దున్నే హాలుకు వెళ్లిపోయాడు. డోయలూ, బేస్ వాయించే చెల్లెలు లొరీనూ మనిషెత్తున్న ఆ వాద్యాన్ని చెరో కొసా పట్టుకుని, తలలు వంచుకుని, అడుగులో అడుగు వేస్తూ బయటికి తెచ్చారు. తేమ తగలకుండా మావయ్య మంచం మీది తెల్ల బొంత కప్పారు.

"మెల్లగా పోనీ అన్నయ్యా. దాని మెడ విరిగితే నీ మెడ విరుస్తా," అంది లొరీన్.

పక్కింటి హోబర్ట్ స్లోన్ వరండాలోంచి ఇదంతా చూశాడు. కంచె తగాదా వల్ల విల్‌బర్న్‌తో పదకొండేళ్లుగా మాటల్లేవు. ఇప్పుడు పిలిచి అడగడానికి నోరు రాలేదు. టోపీ తీసి గుండెకు ఆనించుకుని, లోపలికి వెళ్లి చర్చికి ఫోన్ చేశాడు.

లోయలో మంచు ఇంకా విడలేదు. డోయల్ లైట్లు వేసుకుని నత్తలా నడుపుతున్నాడు. ఎదురొచ్చే కార్లు ఒక్కొక్కటే పక్కకు తీసి ఆగిపోతున్నాయి.

"ఎందుకే వీళ్లు ఆగుతున్నారు?"

"రేడియోలో విన్నార్లే. మనం పెద్దోళ్లమైపోయాం."

"టోపీలు కూడా తీస్తున్నారే?"

"మరీ పెద్దోళ్లమైపోయాం."

డోయల్ అద్దంలో చూశాడు. వెనక ఏడు కార్లు. తర్వాతి మలుపు తిరిగేసరికి ఇరవై. అన్నీ లైట్లు వేసుకుని వస్తున్నాయి, ఒక్కటీ దాటిపోవడం లేదు. లొరీన్ ముఖం పాలిపోయింది.

"అన్నయ్యా, ఇది శవయాత్ర."

"ఎవరు పోయారు?"

ఆమె వెనక్కి తిరిగి బొంతకేసి చూసింది. "చూడబోతే నా బేసు."

"ఆపి చెప్పేద్దామా?"

"ఆపితే అందరూ దిగి ఏడుస్తారు. నడుపు."

హాలు ముందు ఆగేసరికి పదకొండున్నర దాటింది, వెనక నలభై కార్లయ్యాయి. నల్ల బట్టల్లో మగవాళ్లు దిగారు. చావింటివాళ్ల కోసం వండి తెచ్చిన వేయించిన కోడి, చిక్కుళ్లు, మొక్కజొన్న రొట్టెల గిన్నెలతో ఆడవాళ్లు దిగారు. హోబర్ట్ ట్రక్కు ఎక్కి బొంత మీద చెయ్యేశాడు.

"విల్‌బర్నూ, కంచె జరిపింది నేనేరా. మూడడుగులు. మన్నించరా," అని భోరుమన్నాడు.

"మూడు కాదు, అయిదు," అంది వెనక నుంచి ఓ గొంతు. చంకలో ఫిడేలుతో విల్‌బర్న్ నిలబడి ఉన్నాడు.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. "బతికున్నవాడి కోసం పొయ్యి మీది కోడిని దించుకుని పరిగెత్తుకొచ్చానా?" అని ఒకావిడ డోయల్ మీదికి వచ్చింది. జనం కార్ల వైపు తిరుగుతున్నారు.

లొరీన్ ట్రక్కెక్కింది. "వండినవన్నీ మళ్లీ ఇంటికి మోసుకుపోతారా? లోపలికి రండి, తింటూ వినండి. మేం పాడేవీ చావు పాటలేగా."

గిన్నె దించాక తిండి ముట్టకుండా వెళ్లడం ఆ కొండల్లో ఎవరికీ చేతకాదు. హాలు నిండి, జనం ఫైరింజను పక్కన కూడా నిలబడ్డారు. డోయల్ బాంజో మీటుతూనే గుమ్మం వైపు చూస్తున్నాడు. మూడో పాటకు గానీ జెంట్రీ రాలేదు.

కచేరీ అయ్యాక జెంట్రీ కళ్లొత్తుకుంటూ వచ్చింది. "దారిలో ఏదో శవయాత్ర అడ్డొచ్చింది బాబూ. ఆగితే కార్ల వరస తెగలేదు, అందుకే ఆలస్యం. ముప్పై ఏళ్లుగా కచేరీలు వింటున్నాను గానీ, ఊరు ఊరంతా కళ్లెర్రబడేలా ఏడ్చి వినడం ఎక్కడా చూళ్లేదు. ఉత్సవంలో శనివారం సాయంత్రం మీదే."

డోయల్ నిజం చెబుదామని నోరు తెరిచాడు. లొరీన్ అందులో మొక్కజొన్న రొట్టె పెట్టింది.

గురువారం ఊరి పత్రిక వచ్చింది. రెండో పేజీలో, హోబర్ట్ ఆ శనివారం ఉదయమే ఫోన్‌లో చెప్పి రాయించి, ఆపించడం మరిచిపోయిన విల్‌బర్న్ మరణవార్త. మూడో పేజీలో, ఆయన ఫిడేలు అద్భుతంగా వాయించాడని కచేరీ సమీక్ష. విల్‌బర్న్ రెండో పేజీనే కత్తిరించి గోడకు అంటించుకున్నాడు. పొగడ్త అందులోనే ఎక్కువ ఉంది.