వంటింట్లో ఈత

ఆకలేసినప్పుడు అన్నం తినడం ఒక మూఢనమ్మకం. ఈ మాట ఊరికే అనడం లేదు. డిగ్రీ చదువుకున్నదాన్ని, ఆలోచించే అంటున్నాను.

ఆకలికి ఏం తెలుసు చెప్పండి? పొద్దున్న తిన్న ఇడ్లీల సంగతి మధ్యాహ్నానికల్లా మరిచిపోతుంది. అప్పటిదాకా పడుకున్నది, పక్క క్వార్టర్లో చేపలు వేయిస్తే చటుక్కున లేచి కూర్చుంటుంది. ఇంత నిలకడలేని దాని మాట విని మనవాళ్లు తరతరాలుగా కంచం ముందు చేరారు! నాగరికుడు అలా చేయడు. ఫోన్‌ని అడుగుతాడు. తినమంటే తింటాడు, వద్దంటే చెయ్యి కడుక్కుంటాడు.

మా ఇంట్లో ఈ ఎండాకాలం నుంచి నాగరికత నడుస్తోంది.

మేం ఉండేది ఒడిశాలో రాయగడ పక్కన జేకేపూర్‌లో, కాగితం మిల్లు క్వార్టర్స్‌లో. మా ఆయన కూర్మారావుగారు మెయింటెనెన్సు చూస్తారు. చాలా కష్టమేమో అని కంగారుపడకండి. యంత్రం ఆగితే తిప్పలు, తిరుగుతున్నంతసేపూ కుర్చీ. ఆయన అదృష్టం కొద్దీ అవి బాగానే తిరుగుతున్నాయి.

ఆ కుర్చీ ఫలితం రక్తపరీక్షలో కనిపించింది. సుగర్ గుమ్మం దాకా వచ్చి నిలబడిందనీ, ఇంకా లోపలికి అడుగు పెట్టలేదనీ డిస్పెన్సరీ డాక్టరుగారు చెప్పారు. దసరా వెళ్లాక మళ్లీ పరీక్ష చేస్తారట. ఒళ్లు తగ్గి, ఇదీ తగ్గితే సరే. లేదంటే మాత్రలు. మాత్రలనేసరికి మా ఆయన మొహం పాలిపోయింది. మా మామగారికి కూడా 'కొన్నాళ్లు వేసుకోండి' అనే మొదలుపెట్టారు. ఆ కొన్నాళ్లు ఆయనతోనే పూర్తయ్యాయి. అందుకని మా ఇంట్లో మాత్ర అంటే మందు కాదు, వచ్చి వెళ్లని చుట్టం.

డాక్టరుగారు రోజూ నడవమన్నారు కూడా. "సాయంత్రాలు ఇద్దరం వెళ్దామండీ" అన్నాను.

"నువ్వెళ్లు. ఇంట్లో కూకునే కదా ఉంటావు, నీకు నడక కావాల. నేను పొద్దున్నించీ మిల్లులో తిరిగీ తిరిగీ ఒస్తన్నాను" అన్నారు.

నిజమే కదా అని ఊరుకున్నాను.

భువనేశ్వర్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి నాగశ్రీకి ఈ కబురు చేరింది. వాళ్ల నాన్నకి చేతికి కట్టుకునే బ్యాండ్ ఒకటి పంపి, ఫోన్‌లో తిండి రాసుకునే యాప్ ఒకటి పెట్టించింది. ఒంట్లో ఎన్ని కేలరీలు కరిగాయో బ్యాండ్ చెబుతుంది. ఎన్ని కేలరీలు చేరాయో యాప్ చెబుతుంది. ఈ రెండింటికీ సంబంధం కుదర్చడాన్ని సింక్ అంటారు. నాగశ్రీ వీడియో కాల్‌లో కూర్చుని కుదిర్చింది. మా పెళ్లిచూపులు ఇంతకంటే తొందరగా అయిపోయాయి.

సింక్ అయితే, ఎంత కరిగిందో అంత మేరకు ఇంకా తినొచ్చని ఫోనే చెబుతుంది. అవ్వకపోతే తెర మీద ఒక చక్రం తిరుగుతూ ఉంటుంది. అది ఆగేదాకా అన్నం ముట్టుకోకూడదు. మేఘాలు కొండ దిగితే మా క్వార్టర్లో సిగ్నల్ ఉండదు. మా ఆయన ఫోన్ పట్టుకుని డాబా ఎక్కుతారు. పులుసు చల్లారిపోతుంది. అయితేనేం, ఎక్కిన మెట్లు కూడా లెక్కలో పడతాయి! ఏ గుడి మెట్లెక్కితే వెంటనే ఇంత పుణ్యం చేతికొస్తుంది?

ఇక సంసారానికి ఒరిగిన మేలు చూడండి. ఇరవై ఏళ్లుగా ఉప్పు తక్కువనీ, పులుపు ఎక్కువనీ నా వంటకి వంకలు పెట్టిన నోరు ఒక్కసారిగా మూతపడింది. ఇప్పుడు ఆయన అడిగేది ఒకటే, "నూనె ఎన్ని చెంచాలేశావు?" అని. బాగుందన్న మాట కూడా దాంతోపాటే పోయిందనుకోండి. అది ఎలాగూ పండక్కీ పబ్బానికీ వచ్చేదే.

లోకజ్ఞానం కూడా పెరిగింది. మా చోడి అంబలి, అదే రాగి జావ, ఆ యాప్‌కి తెలియదు. మా ఆయన దాన్ని సూప్ అని రాశారు. వెదురు చిగుళ్ల కూర అని వెతికితే జపాన్‌ది చూపించింది. ఆవపెట్టిన పనసపొట్టు కూరకి బదులు పనస ఐస్‌క్రీమ్ తెచ్చి ముందు పెట్టింది. ఆయన న్యాయంగా ఆలోచించి, రెండింటికీ మధ్యన ఒక అంకె వేసుకున్నారు.

మా అత్తగారు చిలకమ్మగారికి మొదట్లో ఇదంతా అర్థం కాలేదు.

"ఏటమ్మీ, ఆడేటి కంచానికి ఫొటో తీస్తన్నాడు?"

"ఫోన్‌కి చూపిస్తున్నారత్తా, తినొచ్చో లేదో చెబుతుందని."

"తినీ ముందు దేముడికి సూపించరా అంటే ఒక్కనాడైనా సూపించనేదు."

"దేవుడు తిరిగి ఏమీ చెప్పడు కదత్తా. ఇది చెబుతుంది."

"అయితే దేముడే నయం" అన్నారు.

పాతకాలం మనిషి. ఏం చేస్తాం?

రోడ్ల గతుకుల విలువ కూడా మాకు ఈ బ్యాండ్ వల్లనే తెలిసింది. మా ఆయన స్కూటర్ మీద రాయగడ బజారుకి వెళ్లొస్తారు. ప్రతి కుదుపుకీ చెయ్యి ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ బ్యాండ్ ఒక అడుగు వేసుకుంటుంది. మిక్చర్ పొట్లంతో గుమ్మంలోకి వచ్చేసరికి 'శభాష్, మంచి నడక' అని మణికట్టు మీద అభినందన! రోడ్డు బాగుచేయమని అర్జీ మీద సంతకాలకి ఎవరో వస్తే ఆయన పెట్టలేదు. వాళ్లకి ప్రజల ఆరోగ్యం మీద శ్రద్ధ లేదట.

ఇంతలో ఒక రోజు ఆయన స్నానం చేసి, బ్యాండ్ పెట్టుకోవడం మరిచిపోయి డ్యూటీకి వెళ్లిపోయారు. అది సబ్బు పక్కన దొరికింది. ఎక్కడైనా పెడితే పోతుందని నా చేతికి కట్టుకున్నాను. కట్టుకున్న సంగతి పనిలో పడి మరిచిపోయాను.

సాయంత్రం ఆయన ఇంట్లోకి రాగానే ఆయన ఫోన్ బ్యాండ్‌ని గుర్తుపట్టింది. చక్రం తిరిగి ఆగింది. మా ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

బ్యాండ్ ప్రకారం ఆ రోజు కూర్మారావుగారు పొద్దున్నే పడవ నడిపారు. తర్వాత కొండెక్కారు. మధ్యాహ్నం మళ్లీ పడవ. సాయంత్రం చాలాసేపు ఈదారు.

పడవంటే నేను బట్టలు ఉతకడం, అంట్లు తోమడం. ఈత చపాతీలు వత్తడం. కొండెక్కడమేమిటో వెంటనే అంతుపట్టలేదు. తర్వాత గుర్తొచ్చింది, కుళాయి సన్నగా వస్తే కింద నుంచి మెట్ల మీదుగా బకెట్లు మోశాను.

చూశారా, సైన్సు గొప్పతనం! ఇన్నేళ్లుగా పడవ నడుపుతున్నాను, ఈదుతున్నాను, కొండలెక్కుతున్నాను. ఆ సంగతి నాకే తెలియదు. ఇంట్లో కూర్చునే ఉన్నాననుకున్నాను.

మా ఆయనకి మాత్రం వేరే విషయం తట్టింది. యాప్ ఆయన్ని ఆ రాత్రి ఏం కావాలంటే అది తినమంది. ఆయన దాని మాట కాదనలేదు.

మర్నాడు పొద్దున్న బ్యాండ్ తెచ్చి ఆయనే స్వయంగా నా చేతికి కట్టారు. అంత శ్రద్ధగా నా చెయ్యి పట్టుకుని ఎన్నాళ్లయిందో. "నువ్వే ఉంచుకో. మిల్లులో గ్రీజు అంటుకుంటంది" అన్నారు.

అలా మా దాంపత్యం సంపూర్ణంగా సింక్ అయింది. నేను కరిగిస్తాను, ఆయన తింటారు. నేను పిండి రుబ్బితే ఆయనకి రెండు అట్లు ఎక్కువ. నేను పరుపులు ఎండకి మోస్తే ఆయనకి ఒక రసగుల్లా. ఆలుమగలు పాలూ నీళ్లలా కలిసిపోవాలని పెద్దలు దీవిస్తారే, ఇంతకంటే ఎలా కలుస్తారు? నాగశ్రీ కూడా తన ఫోన్‌లో చూసుకుని మురిసిపోయింది. "అమ్మా, నాన్నని చూసి నేర్చుకో. ఈ వయసులో ఎంత యాక్టివ్‌గా ఉన్నారో" అంది. నేర్చుకుంటానన్నాను.

ఒక చిన్న ఇబ్బంది. ఫోన్‌లో కూర్మారావుగారు నానాటికీ సన్నబడుతుంటే, ఇంట్లో కూర్మారావుగారి ప్యాంటు హుక్కు పట్టడం మానేసింది. ప్యాంటు ముడుచుకుపోయిందని ఆయన అన్నారు. ఉతికింది నేనే కాబట్టి తప్పు నాదే అయ్యుండాలి.

దసరా దగ్గరపడుతోంది. డాక్టరుగారు పరీక్ష చేసేది ఫోన్‌కి కాదు, మనిషికి. ఈ ముక్క ఎన్ని రకాలుగా చెప్పినా ఆయన తెర మీది పచ్చరంగు చూపించేవారు. మా అత్తగారు కొడుకు పొట్ట వంక, గోడ మీద మామగారి ఫొటో వంక మార్చి మార్చి చూసేవారు. ఆ చూపు చూస్తే నాకు మనసు పీకేది.

ఆ వచ్చే ఆదివారం నాటుకోడి కూర, గారెలు అని ఆయన ముందే చాటింపు వేశారు. ఆదివారం పొద్దున్న కోడి కోసం రాయగడ వెళ్లారు. నేను బ్యాండ్ కట్టుకుని, వరండాలో కుర్చీ వేసుకుని, కాళ్లు స్టూలు మీద పెట్టుకుని, వారపత్రిక తెరిచాను.

మా అత్తగారు వచ్చి చూశారు. కారణం అడగలేదు. ఆవిడ కూడా ఒకప్పుడు పడవలు నడిపిన మనిషే.

"కూకో అమ్మీ. నెగకు" అని, లేవబోతున్న నన్ను ఆపి పక్కన పీట వేసుకున్నారు.

మా ఆయన వచ్చారు. సంచీ కింద పెట్టి, ముందు ఫోన్ తీశారు. చక్రం తిరిగింది. ఆగింది. ఆయన ఫోన్‌ని ఒకసారి దులిపారు, మళ్లీ చూశారు.

"ప్రవీణా, ఈ బ్యాండ్ పాడైపోనాదేటి?"

"లేదే. బాగానే ఉంది."

"మరేటి, పొద్దున్నించీ కదల్నేదని సూపిస్తంది? ఒక్క గారె తిన్నా ఎక్కువేనంట."

"నేను ఇంట్లో కూర్చునే కదండీ ఉంటాను" అన్నాను.

మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగారు.

మా ఆయన తెలివైనవారు. యంత్రం ఎందుకు ఆగిందో వింటేనే చెప్పగలరు. ఫోన్ పక్కన పెట్టేశారు. తర్వాత, "పప్పు నానబెట్టేవా?" అని అడిగారు.

"పెట్టాను. రుబ్బాలి." బ్యాండ్ విప్పి ఆయనకి అందించాను.

పప్పు రుబ్బడానికి మా ఇంట్లో గ్రైండర్ ఉంది. గ్రైండర్‌ని కడగడానికి ఇంకో గ్రైండర్ లేదు. ఆ సంగతి ఆయనకి ఆ రోజే తెలిసింది. ఉల్లిపాయలు తరిగారు, మసాలా నూరారు, కోడి కడిగారు. కూరకి నీళ్లు చాలక బకెట్ పట్టుకుని కిందకి వెళ్లొచ్చారు. మా అత్తగారు పీట మీద నుంచే మెయింటెనెన్సు చూశారు.

"ఒరే కూర్మా, గారికి సిల్లు పెట్టనేదేటి?"

"పెట్టేనమ్మా, మూసుకుపోనాది."

భోజనాలయ్యేసరికి మధ్యాహ్నం ఎప్పుడో దాటిపోయింది. ఆ పూట ఆయన కంచానికి ఫొటో తీయలేదు. ఫోన్ ఎక్కడుందో కూడా చూసుకోలేదు. ఆకలేసిందట! ఇన్నాళ్లు కష్టపడి వదిలించిన మూఢనమ్మకం ఒక్క పూటలో తిరగబెట్టింది. కూర కలుపుకుని "బాగుంది" అన్నారు. వండింది ఆయనే లెండి.

తర్వాత అంట్ల గిన్నెల ముందు కూర్చుని, తల ఎత్తకుండా అడిగారు. "రోజూ ఇంతేనేటి?"

"ఆదివారం కాస్త తక్కువండీ."

ఆ రోజు నుంచి బ్యాండ్ ఆయన చేతికే ఉంది. పొద్దున్న బట్టలు, బకెట్లు ఆయనవి. రాత్రి చపాతీలు ఆయనవి. అవి ఏ దేశం ఆకారంలో ఉన్నా మేం తింటున్నాం. సాయంత్రాలు ఇద్దరం నడకకి వెళ్తున్నాం. ఇంట్లో కూర్చునే ఉంటాను కదా, నాకు నడక కావాల.

దసరా వెళ్లింది. డిస్పెన్సరీకి ఇద్దరం వెళ్లాం. కాగితం చూసి డాక్టరుగారు కళ్లజోడు తీశారు. గుమ్మంలో నిలబడ్డది గేటు దాకా వెనక్కి వెళ్లిందట. ఇప్పటికి మాత్రలు అక్కర్లేదన్నారు. "బావుందండీ. ఏం చేస్తున్నారు?" అని అడిగారు.

మా ఆయన ఫోన్ తీసి చూపించారు. "పొద్దున్న పడవ, రాత్రి ఈత సార్."

డాక్టరుగారు కిటికీలోంచి కొండల వంక చూశారు, ఈయనగారు ఎక్కడ ఈదుతున్నారో అని. మా ఆయన నా వంక చూడలేదు. అబద్ధమేమీ కాదు. ఫోన్‌లో అలాగే ఉంది.

కాబట్టి మీరూ తప్పకుండా ఒక బ్యాండ్ కొనుక్కోండి. గొప్ప వస్తువు. ఎవరి చేతికి కట్టాలన్నది మాత్రం ముందే తేల్చుకోండి.

ఇంటికొచ్చాక నాగశ్రీని ఒక చిన్న సందేహం అడిగాను. బ్యాండ్ కొనకముందు ఇరవై ఏళ్ల పాటు నేను నడిపిన పడవలూ, ఈదిన ఈతలూ ఉన్నాయి కదా, వాటిని ఎవరి పేరు మీద సింక్ చేయాలి అని. చూసి చెబుతానంది.

ఇంకా చక్రం తిరుగుతోంది.