నడిచేవాళ్ళ కారు

నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే: రోడ్డు మధ్యలో నా కూతురి చెయ్యి నా చేతిలోంచి జారిపోతుందేమోనని. దొంగలంటే నాకు భయం లేదు, వాళ్ళకి నచ్చేదేదీ మా ఇంట్లో ఉండదు. పిడుగులంటే కూడా లేదు, అవి పైనుంచి వస్తాయి. కార్లు పక్కనుంచి వస్తాయి.

కాబట్టి నగరంలో కార్లు తగ్గాలని నగరపాలక సంస్థవారు తీర్మానించినప్పుడు, ఆ తీర్మానాన్ని నాకన్నా గట్టిగా సమర్థించిన మనిషి ఈ ఊళ్ళో ఉండరని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. "కార్లు తగ్గించడానికి పౌరులు ఏం చేయగలరు?" అంటూ వారు తమ యాప్‌లో సలహాల పేజీ ఒకటి తెరిచారు. అందులో రాసింది రాసిన వెంటనే అందరికీ కనిపిస్తుంది. (ఫిర్యాదుల పేజీ కూడా ఉంది. అది ముందుగా వాహనం నంబరు అడుగుతుంది. నాకు వాహనం లేదు గనక ఫిర్యాదు కూడా లేనట్టే.) తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసినదాన్ని, రాతలో తప్పులుంటే మన్నించాలి. పైగా కుడిచేత్తో పిల్లను పట్టుకుని ఎడమచేత్తో రాస్తున్నాను. బడి గేటు ముందు, పెద్దరోడ్డు అంచున, లైటు కోసం నిలబడి ఉన్నాం. తీరికకు లోటు లేదు.

ముందు మా వీధి సంగతి చెప్పాలి. ఒక చివర గోడ, రెండో చివర పెద్దరోడ్డు. బడి, దుకాణాలు, పనులు, ఆసుపత్రి అన్నీ ఆ రోడ్డుకు ఇటువైపు. మా ఇళ్ళు అటువైపు. మా వీధి మొదట్లో ఒక తెల్లగీత, గీత కింద తారులో పాతిపెట్టిన తీగ, పైన సిగ్నల్ లైటు ఉంటాయి. ఆ తీగ చాలా తెలివైనది. తనమీద కారు వచ్చి ఆగితే పసిగట్టి, పెద్దరోడ్డును ఆపుతుంది. కారు రాకపోతే దాని దృష్టిలో ఎవరూ రానట్టే. ఒకప్పుడు మా వీధిలో దాదాపు ఇంటికో కారు ఉండేది. పొద్దున పూట గీత మీద ఏదో ఒకటి ఆగే ఉండేది. దానికోసం లైటు పడేది, దాని పక్కనే మేం నడిచి దాటేవాళ్ళం. కార్లవాళ్ళు మమ్మల్ని తిట్టేవాళ్ళు, మేం వాళ్ళని తిట్టేవాళ్ళం, అందరం వేళకు చేరేవాళ్ళం.

ఇంతలో కార్లు మానే ఉద్యమం వచ్చింది. మా వీధి సంఘం అధ్యక్షురాలు కుట్టుమిషను అక్క. ఆవిడ కొలత తీసుకుందంటే మనిషి కదలకూడదు. ఇంటింటికీ వెళ్ళి ఒట్టు వేయించింది. కార్లున్నవాళ్ళంతా అమ్మేశారు, లేనివాళ్ళం ఇకముందు కొనబోమని హామీ ఇచ్చాం. (నా హామీని ప్రత్యేకంగా అభినందించారు.) ఒట్టు వేయనిది ఒక్కడే, మొదటి ఇంట్లో ఉండే గేరు తాతయ్య. చాలా ఏళ్ళు డ్రైవింగ్ నేర్పి మానేసిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఆ పాత నీలం కారే తన సంసారం అంటాడు. "నా సంసారాన్ని అమ్ముకోమంటారా?" అని తలుపు వేసుకున్నాడు. మర్నాటికి ఆ సంసారం ముందు అద్దం మీద 'సిగ్గు' అని రాసిన కాగితం అంటించి ఉంది.

ఆయన్ని మినహాయిస్తే ఉద్యమం నూటికి నూరుపాళ్ళు విజయవంతమైంది. మర్నాడు పొద్దున వీధంతా నడిచి గీత దగ్గరికి వచ్చి నిలబడింది. లైటు పడలేదు.

"ఇంకా ఎర్రగానే ఉందేంటే?" అంది అక్క.

"ఇంతమంది ఒకేసారి చూస్తుంటే సిగ్గుపడుతోందేమో," అన్నాడు వెల్డరు బాబాయి.

పిల్లలందరినీ తీగ మీద నిలబెట్టి ఎగిరించాం. సైకిళ్ళు నాలుగు పక్కపక్కన పడుకోబెట్టాం. తీగకు మేము ఆనలేదు. చివరికి బాబాయి, ఎవరి కొట్టుకో చేసిపెట్టిన ఇనుప గేటొకటి ఇంటినుంచి మోయించుకొచ్చి గీత మీద పరిచాడు. చటుక్కున ఆకుపచ్చ లైటు. చప్పట్లు కొడుతూ దాటాం. ఆ వారంలోనే బాబాయికి నోటీసు వచ్చింది, ప్రజల రోడ్డుకు అనుమతి లేకుండా గేటు పెట్టినందుకు. గేటుకు గొళ్ళెం లేకపోవడాన్ని అందులో విడిగా తప్పుపట్టారు.

సరే, పైవారికే మొరపెట్టుకుందామని నేను బయల్దేరాను. నడక ప్రోత్సాహక విభాగం కార్యాలయం మా ఇళ్ళ వైపే, రోడ్డు అంచునే పోతే వస్తుంది. కార్లు నిలిపే అంతస్తుల పైన ఉంటుంది. కింద గేటు దగ్గర కాపలా ఆయన ఆపాడు.

"బండి టోకెన్ ఏదమ్మా?"

"నడిచొచ్చానన్నా."

"నడిచొచ్చినవాళ్ళ గేటు వేరే ఉంది."

"ఎక్కడ?"

"రోడ్డుకి అవతల."

నా ముఖం చూసి ఆయనకే జాలేసింది. "ఆ తెల్లకారు వెనకాలే పోమ్మా, దాంతో వచ్చినట్టు," అన్నాడు. కారు పోయే వాలుదారిలో, పొగ పీల్చుకుంటూ, ఆ విధంగా నేను నడక ప్రోత్సాహక విభాగానికి చేరుకున్నాను.

నడక ప్రోత్సాహక అధికారి నెమ్మదైన మనిషి. కూర్చోమన్నారు, విన్నారు, తల ఊపారు.

"నొక్కితే లైటు పడే బటనొకటి పెట్టించండి సార్," అన్నాను.

"బటన్ పెట్టాలంటే అక్కడ నడిచి దాటేవాళ్ళుండాలి కదమ్మా. మా సర్వేలో అక్కడ ఎవరూ దాటట్లేదని తేలింది."

"లైటు పడక దాటట్లేదు సార్."

"నేనూ అదే అంటున్నా. దాటనివాళ్ళకి బటనెందుకు?"

నేను తొమ్మిదే చదివాను గనక నాకు అర్థం కాలేదేమో అనుకుని ఆ ముక్కని మనసులో ఇంకోసారి చదువుకున్నాను. ఆయనకూ మనసుంది. బల్ల మీదికి వంగి, సొంత తమ్ముడిలా గొంతు తగ్గించి ఉపాయం చెప్పారు.

"మీ వీధిలో ఒక కారు ఏర్పాటు చేసుకోండి. మీరు నడిచే వేళకు గీత మీదికి తెచ్చి నిలబెట్టండి. నియమావళిలో దాన్ని నడక సహాయక వాహనం అంటాం. వీధికొకటే సుమా. రెండుంటే మళ్ళీ కార్లు పెరిగినట్టవుతుంది."

అలా వీధివీధంతా గేరు తాతయ్య గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఆయన కిటికీలోంచే మాట్లాడాడు.

"నా కారు మీద కాగితం అంటించిందెవరో ముందు తేల్చండి."

"నేనే పెద్దాయనా," అంది అక్క. "కావాలనే గమ్ము తక్కువ రాశా."

"నా కారు పొగ పిల్లల ఊపిరి తీసేస్తుందన్నావు."

"అన్నాను. ఇప్పుడా పిల్లలకే నీ పొగ కావాలి. రా పెద్దాయనా, బెట్టు చాలు."

ఆయన మా అమ్మాయి వైపు చూశాడు. ఇది అప్పటికే బడి సంచి వీపుకు తగిలించుకుని, నా కొంగు వేలికి చుట్టుకుని నిలబడి ఉంది. తాతయ్య లోపలికెళ్ళి తాళం తెచ్చుకున్నాడు.

ఆనాటినుంచి అదే పద్ధతి. పొద్దున తాతయ్య కారు గేట్లోంచి బయటికి తీసి గీతదాకా తెస్తాడు. తీగ పసిగడుతుంది, పెద్దరోడ్డు ఆగుతుంది, మేమంతా దాటుతాం. ఆయన ఎక్కడికీ పోడు. గేరు వెనక్కి వేసి మళ్ళీ గేట్లోకి పోతాడు. మధ్యాహ్నం బడి వదిలేవేళకి మళ్ళీ వస్తాడు, పిల్లలూ భోజనానికి వచ్చే పెద్దలూ కలిసి ఇళ్ళకి చేరతాం. మొదట్లో ఎవరికి పనిపడితే వాళ్ళు ఫోన్ చేసేవాళ్ళు. కొత్తిమీర మరిచిపోయినవాళ్ళకి కూడా ఆయన కారు తీసేవాడు. తర్వాత సంఘం సమావేశమై, అందరూ కలిసే వెళ్ళాలి, కలిసే రావాలి అని తీర్మానించింది. ఆయన రోజుకు ఎన్నిసార్లు కారు తీసినా ఆ కారు మా వీధి దాటిన పాపాన పోలేదు. దేశాలు తిరగాల్సిన పెట్రోలు గేటుకీ గీతకీ మధ్యే ఖర్చయింది.

మా విజయం చూసి చుట్టుపక్కల వీధులవాళ్ళు కూడా నడక కోసం కార్లు కొన్నారు. కారు అద్దాల మీద 'నేను నడుస్తున్నాను' అనే స్టిక్కర్లు వచ్చాయి. నడక కార్లు నిలపడానికి చోటు చాలడం లేదని కొన్నిచోట్ల కాలిబాట తీసేశారు. ఒకరోజు మా అమ్మాయి నన్ను అడిగింది: "అమ్మా, మనం కూడా కారు కొనుక్కుంటే, ఎప్పుడంటే అప్పుడు నడవొచ్చు కదా?" దాని లెక్కలో తప్పెక్కడుందో ఇప్పటికీ వెతుకుతున్నాను.

నెల తిరక్కుండా మా వీధికి ఆదర్శ నడక వీధి పురస్కారం ప్రకటించారు. ప్రదానానికి అధికారిగారు స్వయంగా వచ్చారు. కారు నిలిపే చోటు దొరక్క వారి డ్రైవరు సరిగ్గా గీత మీదే ఆపాడు. సభ జరిగినంతసేపూ లైటు పడుతూనే ఉంది. పెద్దరోడ్డు మాటిమాటికీ ఆగి మొత్తుకుంది. మా పిల్లలు పనిలేకపోయినా అటూ ఇటూ దాటారు. నేనైతే ఒకసారి కూతురి చెయ్యి వదిలి, కావాలనే, దాని వెనకాల నడిచాను. నా జీవితంలో అంత నిశ్చింతగా గడిచిన సాయంత్రం ఇంకోటి లేదు. నగరంలోని ప్రతి వీధికీ ఒక అధికారిని కేటాయించి గీతల మీద నిలిపితే బాగుంటుందని నా మొదటి సలహా.

వేదిక మీదికి తాతయ్యను పిలవలేదు. కారు నడిపే వ్యక్తికి నడక పురస్కారం ఇవ్వడం నియమావళికి విరుద్ధమట. ఆయన వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. కొడుతూ మధ్యలో ఆపి, కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకున్నాడు. నేను చూశాను. చూసి ఊరుకోలేని జబ్బు నాది.

ఈ వారం మరీ గమనించాను. కారు గీత మీద ఆపగానే తల స్టీరింగుకు ఆనిస్తున్నాడు. మొన్న దాటబోతూ ఆగి అద్దం తట్టాను.

"ఏంటి తాతయ్యా, అలా ఉన్నారు?"

"క్లచ్చు బిగుసుకుపోయింది."

"కారుకా, మీకా?"

"ఇద్దరిదీ ఒకే ఈడులే. లైటు పడింది, నడు, నడు."

"ఆసుపత్రికి పోయి చూపించుకోకూడదా?"

"ఆసుపత్రి అవతలుంది. నడిచి పోవాలంటే గీత మీద కారెవడు పెడతాడే?"

"కార్లోనే పోండి."

"పోతాను. అక్కడ వాళ్ళు నన్ను పడుకోబెట్టారనుకో. కారు అవతల, పిల్లలు ఇవతల. బడి మాన్పిస్తావా దాన్ని? నీలాగా?"

నా కూతురి చెయ్యి ఇంకాస్త బిగించి పట్టుకున్నాను. దాటేశాను.

ఈరోజు పొద్దున కూడా వచ్చాడు. అందరం దాటాం. వెనక్కి పోయేటప్పుడు కారు గేటుకు ఒకసారి తగిలింది. కారు నేర్పినవాడు గేటుకు తగిలించడమేమిటని బాబాయి నవ్వాడు. ఇప్పుడు బాబాయి నవ్వడం లేదు. బడి గంట కొట్టి చాలాసేపయింది. ఎండ మా నెత్తిమీదికి వచ్చింది. గీత ఖాళీగా ఉంది. ఆయన గేటు సగం తెరిచి ఉంది, లోపల నీలం రంగు కొంచెం కనిపిస్తోంది. అక్క ఫోన్ చేస్తూనే ఉంది, మోగుతోంది, ఎత్తడం లేదు. బాబాయి రెండుసార్లు దిగి డివైడరు దాకా కూడా చేరలేక వెనక్కి వచ్చాడు. అంబులెన్సుకి చేస్తే రోగి ఏమంటున్నాడని అడిగారు. ఏమీ అనడం లేదని చెప్పాం. ఏదైనా అన్నప్పుడు చెయ్యమన్నారు.

మా వీధిలో ఇంకెవరూ లేరా అని మీకు సందేహం రావచ్చు. తీర్మానం ప్రకారం అందరం కలిసే వచ్చాం. వీధంతా ఇటే ఉంది. అటు ఆయనొక్కడే.

కాబట్టి పౌరులు ఏం చేయగలరు అన్న ప్రశ్నకు నా రెండో సలహా, ఆఖరుది కూడా ఇదే. ఇది చదివినవాళ్ళలో ఎవరైనా ఈ వేళకి పెద్దరోడ్డు మీద పోతుంటే, దయచేసి మా వీధిలోకి తిరగండి. మొదటి ఇల్లు. గేటు తోసుకుని లోపలికెళ్ళి, తాతయ్య ఎలా ఉన్నాడో చూడండి. కార్లోనే ఉంటే పక్క సీట్లోకి జరిపి మీరే ఆసుపత్రికి పట్టుకురండి. మా గురించి ఆలోచించొద్దు, మేం నిలబడతాం. వచ్చేవాళ్ళు కార్లోనే రండి. నడిచి రాగలిగినవాళ్ళం అందరం ఇక్కడే ఉన్నాం.