కిటికీకెక్కిన స్నూకర్ కర్ర

మా ఆవిడ "అబ్బ" అంది. గొడవంతా అక్కడ మొదలైంది.

ఆ మాట నన్ను చూసి అని ఉంటే మీకిప్పుడు ఈ కథ చెప్పే పనే లేదు. ఎదురు బ్లాకులో ఉండే పళ్ళ డాక్టరును చూసి అంది. మా అపార్ట్‌మెంట్ల కింద హాల్లో సంఘం వాళ్ళు ఒక పాత స్నూకర్ బల్ల వేయించారు. ఆదివారం సాయంత్రం అందరం అక్కడ చేరతాం. డాక్టరు తన సొంత కర్రను, పసిబిడ్డను ఉయ్యాల్లోంచి తీసినట్టు పెట్టెలోంచి తీసి, నడుం వంచి, తెల్లబంతిని అలా తాకాడు. అది వెళ్ళి నల్లబంతిని మూలనున్న సంచిలోకి సాగనంపి, మర్యాదగా వెనక్కి వచ్చి నిలబడింది.

అప్పుడు పడింది ఆ అబ్బ.

పెళ్ళయి ఇన్నేళ్ళయినా అలాంటి అబ్బ నేను వినలేదు. నా వంతుకు వచ్చేవి వేరు. తడికాళ్ళతో హాల్లో నడిచినప్పుడు ఒకటి, తువ్వాలు మంచం మీద పడేసినప్పుడు ఒకటి. ఆ రకం నా దగ్గర బస్తాలకొద్దీ ఉన్నాయి.

డాక్టరు నవ్వితే పళ్ళన్నీ ఒకేసారి హాజరవుతాయి. అందుకని ఆయనకు ముప్పైరెండు అని పేరు పెట్టుకున్నాను. మా ఆవిడ మాత్రం నోరారా అన్నయ్యగారూ అంటుంది. ఆ లెక్కన నేను ఆయనకు బావగారిని. చుట్టరికం కుదిరింది గానీ కడుపుమంట చల్లారలేదు.

మర్నాడు మా నీళ్ళ మీటర్ల ఆఫీసులో మీటర్లను వాటి మానాన తిరగనిచ్చి, ఫోన్లో స్నూకర్ కర్రలు వెతికాను. అన్నిటికన్నా చవకది దొరికింది. కొత్తగా నేర్చుకునేవారికి ప్రత్యేకం అని రాసి ఉంది. కింద ఒకాయన అయిదు స్టార్లు ఇచ్చి, "బూజు దులపడానికి చాలా బాగుంది" అని రాశాడు. నేను స్టార్లే చూశాను.

గుట్టుగా నేర్చుకుని, ఒక ఆదివారం అందరి ముందూ ముప్పైరెండును ఓడించి, ఆ అబ్బను నా పేరున మార్పించుకోవాలని పథకం.

పార్సిలు వచ్చిన రోజు మా ఆవిడ పనిచేసే పోస్టాఫీసుకు సెలవట. నేను ఇంటికొచ్చేసరికి పొడవాటి అట్టపెట్టెతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమిటండీ ఇది?"

నోటికి అందిన అబద్ధం ఆడేశాను. "కర్టెన్ రాడ్డు. ఎప్పట్నుంచో తెమ్మంటున్నావు కదా."

తెమ్మన్న మాట నిజమే. మా హాలు కిటికీకీ ముప్పైరెండు బాల్కనీకీ మధ్య సన్నటి రోడ్డే అడ్డం. కిటికీకున్న కర్టెన్ ఒక తాడు మీద ఈసురోమని వేలాడుతోంది.

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "చెప్పిన పని చేశారా? ఒంట్లో బాగానే ఉందా?"

స్నానం చేసి వచ్చేలోపు ఘోరం జరిగిపోయింది. రెండు ముక్కలనూ మర తిప్పి బిగించి, కర్టెన్ రింగులు తొడిగి, నా స్నూకర్ కర్రను కిటికీ మీద కొక్కేలకు ఎక్కించేసింది. కర్ర కొసకు రాయమని పెట్టెలో ఇచ్చిన నీలం సుద్దతో కర్టెన్ అంచు కుట్టుకోవడానికి గీతలు గీస్తోంది. రాడ్డుతోపాటు సుద్ద కూడా ఇచ్చారు, మంచి షాపు అని మెచ్చుకుంది.

ఆ రోజు నుంచి నా బతుకు కిటికీకి వేలాడింది. కర్ర కిటికీ మీదుంటే నా చేతిలో లేదు. నా చేతిలో ఉంటే కర్టెన్ లేదు. కర్టెన్ లేకపోతే ఎదుట బాల్కనీలో ముప్పైరెండు, పక్కన వాళ్ళావిడ, చేతుల్లో కాఫీ కప్పులు.

మా ఆవిడ ఆఫీసు నుంచి నాకంటే ఆలస్యంగా వస్తుంది. ఆలోపు కర్టెన్ దింపి, వాళ్ళకు కనపడకుండా కిటికీ కిందుగా నేలమీద పడుకుని సాధన చేసేవాణ్ణి. ఉల్లిపాయలు ఎర్రబంతులు. కోడిగుడ్డు తెల్లబంతి. మొదటి రోజే గుడ్డు స్థానంలో నిమ్మకాయ పెట్టాల్సి వచ్చింది. కర్రకు రాసిన నీలం సుద్ద కర్టెన్‌కు అంటుకుంటే దొరికిపోతానని, దాన్ని బక్కెట్లో జాడించి, పిండి, దులిపి, మా ఆవిడ వచ్చేలోగా మళ్ళీ వేలాడదీసేవాణ్ణి. ఇలా నెల గడిచింది.

ఆదివారం వచ్చింది. మా ఆవిడ ముందే కిందికి వెళ్ళింది. కర్ర దింపి రింగులు లాగాను. అన్నీ వచ్చాయి. లావు వైపున్న ఒక్కటి మాత్రం బిగుసుకుపోయింది. సబ్బు రాశాను, రాలేదు. దాంతోనే హాల్లో అడుగుపెట్టి ముప్పైరెండును ఆటకు పిలిచాను.

ఆయన మర్యాదస్తుడు. "ఆ రింగు ఏమిటి బావగారూ?" అని మాత్రం అడిగాడు.

"పట్టు కోసం," అన్నాను.

వంగాను. గురి చూశాను. అప్పుడు కనపడింది. నెల రోజులు తడి కర్టెన్ మోసి మోసి నా కర్ర విల్లులా వంగిపోయింది. అయినా కొట్టాను. తెల్లబంతి బల్ల దాటి సంఘం కార్యదర్శి ఒళ్ళో కూర్చుంది. ఇంకోసారి కొట్టాను. కర్ర కొసనున్న తోలుబిళ్ళ ఊడి, నేరుగా వెళ్ళి మూల సంచిలో పడింది. ఆ రోజు నేను సంచిలో వేసింది అదొక్కటే.

మా ఆవిడ వచ్చి కర్రను తాపీగా అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది మన కర్టెన్ రాడ్డులా ఉందే," అంది.

ఆదుకున్నది ముప్పైరెండు వాళ్ళావిడ.

"ఇవాళ కూడా కర్టెన్ ఉతకడానికి దింపారా అన్నయ్యగారూ? రోజూ చూస్తున్నాను వదినా, ఎంత ఓపికో. మా ఆయనా ఉన్నారు, కర్టెన్‌కు చెయ్యి తుడుచుకోవడమే తెలుసు."

ముప్పైరెండు మొహంలో ఒక్క పన్ను కూడా కనపడలేదు. నన్ను పక్కకు లాగి గొంతు తగ్గించాడు. "మీ పుణ్యమా అని నెల రోజులుగా ఇంట్లో నాకు తిట్లే. మిమ్మల్ని చూస్తే కడుపు మండిపోతోంది బావగారూ."

చూశారా, ఆయనకు నా మీద అసూయ. నా ఛాతీ రెండింతలైంది. నిజం చెబితే ఆ వైభవం పోతుంది. అందుకని అందరికీ వినపడేలా, "ఇల్లన్నాక ఆ మాత్రం చెయ్యాలి కదా," అన్నాను.

మా ఆవిడ ఆ మాట కోసమే కాచుకున్నట్టుంది. "అలవాటైంది కదా, మిగతా గదులవి కూడా మీరే చూసుకోండి," అంది.

ఇంటికెళ్ళాక మంచం కిందినుంచి అసలు కర్టెన్ రాడ్డు తీసింది. మొదటి వారమే కొనిపెట్టిందట. నా కర్ర వచ్చిన పెట్టె మీద స్నూకర్ ఆడేవాడి బొమ్మ ఉందనీ, తనకు కళ్ళు బాగానే కనపడతాయనీ చెప్పింది. మరి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదన్నాను.

"కర్టెన్ రోజూ శుభ్రంగా ఉంటోంది. ఎందుకు చెడగొట్టుకోవాలి?"

పోయిన ఆదివారం కిటికీ దగ్గర నిలబడి కర్టెన్లు ఆరేస్తున్నాను. ఎదుటి బాల్కనీలో ముప్పైరెండు కూడా అదే పనిలో ఉన్నాడు. వాళ్ళావిడ పక్కన నిలబడి చేయిస్తోంది. మా ఆవిడ వచ్చి నా వెనక ఆగింది.

"అబ్బ," అంది.

అదే అబ్బ. ఇన్నేళ్ళకు దక్కింది. పొంగిపోతూ వెనక్కి తిరిగాను.

ఆవిడ బాల్కనీ వైపు చూస్తోంది. "అన్నయ్యగారు పిండితే చుక్క నీరు మిగల్లేదు, చూశారా?"

నేను ఆరేసిన కర్టెన్ తీసి మళ్ళీ పిండటం మొదలుపెట్టాను.